బజీల్ నోరు

మంగళవారం మధ్యాహ్నం పదకొండోసారి కూడా బజీల్ లమోత్ మాట బజీల్ లమోత్ నోటికి అందలేదు. తెర మీది బజీల్ నోరు తెరిచి, నాలుగు మాటలు అనేసి, మూసుకున్న తర్వాత గానీ మైకు ముందు నుంచున్న బజీల్ గొంతు పెగల్లేదు.

"ఆపండి," అన్నాడు దర్శకుడు మొరెల్.

దీపాలు వెలిగాయి. మొరెల్ కళ్ళజోడు తీసి, మఫ్లరు అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. పొద్దుటి నుంచి అతను తుడిచిన తుడుపుకి ఆ అద్దాలు అరిగిపోవలసిందే.

తప్పు నిజానికి మొరెల్‌దే. 'మేనత్తగారి ఇనప్పెట్టె' అని నవ్వుల దొంగల సినిమా తీస్తున్నాడు. నలుగురు ముసలి దొంగలు, ఒక పిసినారి మేనత్త, ఆవిడ పెట్టె. అందులో అసలైన సీను వంటింట్లో జరుగుతుంది. దొంగరాతల నిపుణుడైన ముసలాడు, మేనత్త రాసినట్టుగా తానే సృష్టించిన ఉత్తరాన్ని మిగతా ముగ్గురికీ చదివి వినిపిస్తాడు. చదువుతూ చదువుతూ, తాను రాసిన అబద్ధాన్ని తానే నమ్మేసి ఏడ్చేస్తాడు. ఆ ముసలాడు బజీల్. స్టూడియోలో వంటిల్లు వేద్దామంటే మొరెల్ ఒప్పుకోలేదు. నిజమైన వంటింట్లో నిజమైన ఉల్లిపాయల వాసన ఉంటుందన్నాడు. నిజమే, ఉంది. పెరటి గోడకి ఆనుకుని రైలు పట్టాలు కూడా ఉన్నాయి. నవంబరులో తీసిన ఆ సీనులో ఉత్తరం కన్నా కూత ఎక్కువ వినపడింది. అందుకని ఇప్పుడు మార్చిలో, మార్న్ నది ఒడ్డునున్న మా శబ్దం గదిలో, ఒక్కొక్క నటుడూ వచ్చి తన మాటలు తానే మళ్ళీ చెప్పి పోతున్నాడు. మిగతా ముగ్గురు దొంగలూ గంటన్నరలో ముగించుకుని, మూల బార్‌లో పేకాటకు కూర్చున్నారు.

పని కష్టమైనదేం కాదు. బొమ్మ కింద ఒక పారదర్శకపు పట్టీ కుడి నుంచి ఎడమకి నడుస్తూ ఉంటుంది. దాని మీద సంభాషణ చేత్తో రాసి ఉంటుంది. తెర మీద ఒక నిలువు గీత. ఏ అక్షరం ఆ గీతను తాకితే ఆ అక్షరం పలకాలి. అంతే. పలికితే నోరూ మాటా కలిసిపోతాయి. ఆ పట్టీ రాసే పని సోలాంజ్‌ది.

సోలాంజ్ వెనక వరసలో, ఒళ్ళో పెన్సిళ్ళ డబ్బా పెట్టుకుని కూర్చుంది. ఇరవై ఆరేళ్ళ పిల్ల, వేళ్ళకు ఎప్పుడూ సిరా. ఆమె రోజంతా చిన్న తెర ముందు కూర్చుని, చేత్తో పిడి తిప్పుతూ, ఫిల్మును ఒక్కొక్క బొమ్మగా జరుపుతూ మనుషుల నోళ్ళు చూస్తుంది. పెదాలు ఎక్కడ మూసుకున్నాయి, ఎక్కడ తెరుచుకున్నాయి, ఊపిరి ఎక్కడ తీశారు, అన్నీ ముందు పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటుంది. తర్వాత ఆ గుర్తుల కొలతకి సరిపోయేలా, ఒక మాటను సాగదీసి, ఇంకో మాటను కుదించి, సిరాతో రాస్తుంది. వాళ్ళ నాన్న దుకాణాల మీద పేర్లు రాసేవాడు. అక్షరం ఆయన దగ్గరే నేర్చుకుంది. నటులు ఆమె పట్టీని చూసి, "ఈ పిల్ల రాస్తే గుడ్డివాడు కూడా చదువుతాడు" అనేవారు.

"ఏమైంది పెద్దాయనా?" అన్నాడు మొరెల్, ఓపిక అంతా కూడదీసుకుని.

బజీల్ టోపీ తీసి, చేతిలో గుండ్రంగా తిప్పాడు. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి. పెద్ద ముక్కు, వేలాడే బుగ్గలు. ఆ గొంతు ఒకటి ఉంది, చిల్లుపడ్డ డోలు లాంటిది. ఆ గొంతు వింటేనే హాల్లో జనం నవ్వడం మొదలుపెడతారు. ఆయన తెర వైపు చూశాడు. గదిలో ఉన్న అందరి వైపూ చూశాడు.

"ఈ రాత ఎవరిదండీ?" అన్నాడు గట్టిగా. "ఈగ సిరాబుడ్డిలో పడి, లేచి, కాళ్ళు దులుపుకుంటూ నడిచినట్టుంది. ఇది చదవాలంటే మనిషికి భూతద్దం ఇవ్వాలి."

గాజు వెనక కూర్చున్న శబ్దం ఇంజనీరు ఎతియెన్ నవ్వేశాడు. నవ్వు మైకులోంచి గదంతా వినపడింది. సోలాంజ్ చెవులు ఎర్రబడ్డాయి.

మదాం వెర్దియే లేచి నుంచుంది. ఆ గదికి ఆవిడే పెద్ద. ఎవరి మీదా అరవదు, గొంతు తగ్గిస్తుంది, అదే భయం. "సోలాంజ్, రేపు పదకొండింటికల్లా మొత్తం పట్టీ కడిగి, పెద్ద అక్షరాలతో మళ్ళీ రాయి. ఇంకోసారి ఇలాంటి మాట వినిపించిందంటే, నువ్వు ప్రయోగశాలకి పోయి ఫిల్ము డబ్బాలు మోసుకోవచ్చు."

"మదాం, పొద్దున్న ముగ్గురు ఇదే పట్టీ చదివారు. ఒక్కరు కూడా..."

"నేను వాళ్ళ గురించి అడిగానా?"

బజీల్ ఈ మాటలు విన్నాడు. ఏదో అనబోయి, టోపీ నెత్తిన పెట్టుకుని, కిందకి లాక్కున్నాడు.

బుధవారం పొద్దున్నే వచ్చి, సోలాంజ్ తన రాతను తానే కడిగింది. తొట్టిలో గోరువెచ్చటి నీళ్ళు పోసి, పట్టీని గజాలు గజాలుగా దింపి, గుడ్డతో తుడుస్తుంటే నీళ్ళు నల్లగా మారాయి. ఒక వారం పని అది. ఆ సీను రాయడానికి ఆమె ఎంత తాపత్రయపడిందో ఎవరికీ తెలియదు. ముసలాడు ఏడుపు ఆపుకునే చోట మాట మధ్యలో తెగుతుంది. ఆ తెగిన చోట అక్షరం తోకను సన్నగా లాగి, గాలిలో వదిలేసింది. ఇప్పుడది గుడ్డ మీద మరక. మనసులో బజీల్‌ని తిట్టని తిట్టు లేదు. ముసలి నక్క, కళ్ళజోడు పెట్టుకోవడానికి నామోషీ, అందుకు నా నోటి దగ్గర కూడు లాగుతాడా అనుకుంది.

పదకొండింటికి పట్టీ ఆరింది. అక్షరాలు ఒక్కొక్కటీ వేలెడంత ఉన్నాయి. దూరంనుంచి చూస్తే సబ్బుల ప్రకటనలా ఉంది.

"ఇప్పుడెలా ఉంది పెద్దాయనా?" అన్నాడు మొరెల్.

దీపాలు ఆరాయి. ఎర్ర దీపం వెలిగింది. పట్టీ నడిచింది. బజీల్ మొదటి మాట సరిగ్గానే పట్టుకున్నాడు. రెండో మాటకి వెనకబడ్డాడు. మూడో మాట చెప్పనే లేదు. మళ్ళీ తిప్పారు. ఈసారి తొందరపడి, తెర మీద మనిషి ఇంకా ఉత్తరం విప్పుతుండగానే ఏడుపు మొదలుపెట్టాడు. మామూలుగా అయితే అందరూ నవ్వే సంగతి. ఎవరూ నవ్వలేదు.

తొమ్మిదోసారి అయ్యాక బజీల్ జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"ఇంత పెద్ద అక్షరాలు రాస్తే ఎలాగండీ? ఒకటి కనపడితే రెండోది కనపడదు. ఏనుగుని ముక్కు దగ్గర నిలబెట్టి చదవమన్నట్టుంది."

"నిన్న చిన్నవన్నారు!" సోలాంజ్ ఆపుకోలేకపోయింది. లేచి నిలబడింది. పెన్సిళ్ళ డబ్బా కిందపడి, పెన్సిళ్ళు వాలు నేల మీద ముందు వరస దాకా దొర్లుకుంటూ పోయాయి.

మొరెల్ వెర్దియే దగ్గరకి పోయి, తగ్గు గొంతుతో చెప్పాడు. తగ్గు గొంతుతో చెప్పినా వినపడకుండా ఉండదు, అది శబ్దాల గది. అక్కడ సూది పడ్డా వినపడేలా గోడలు కట్టారు.

"మార్సియల్‌ని పిలవండి. శుక్రవారం పొద్దున్న. ఆ కుర్రాడు ఎవరి గొంతయినా చేస్తాడు. సీను ఒక్కటేగా, జనం గుర్తుపట్టరు."

బజీల్ కోటు తొడుక్కుంటున్నాడు. మాట వినపడినప్పుడు చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలాయి. మొదటి బొత్తాం రెండో కాజాలో పెట్టాడు. అలాగే చివరి దాకా తప్పుగా పెట్టుకుంటూ పోయాడు. తలుపు దగ్గర ఆగి, అందరికీ తల వంచి నమస్కరించి, వెళ్ళిపోయాడు.

"మార్సియల్ కోసం అక్షరాలు మామూలు సైజులో రాయి," అంది వెర్దియే, సోలాంజ్ వైపు చూడకుండానే. "ఆ తర్వాత నీ సంగతి చూద్దాం."

అయిదు గంటలకి అందరూ వెళ్ళాక సోలాంజ్ తన బల్ల దగ్గర కూర్చుని ఫిల్ము ఎక్కించింది. తన గుర్తుల్లో ఒక్క తప్పు కూడా లేదని రుజువు చేసి, పొద్దున్నే వెర్దియే మొహాన పెట్టాలని ఆమె పంతం. పిడి తిప్పింది. బజీల్ నోరు తెరుచుకుంది, మూసుకుంది. గుర్తు సరిగ్గానే ఉంది. తర్వాతది, అదీ సరిగ్గానే ఉంది. నాలుగు నెలలుగా ఈ నోరు చూస్తోంది. కింది పెదవి ఎడమ పక్కకి కాస్త జారుతుందని, ఊపిరి తీసే ముందు ముక్కు రంధ్రాలు అదురుతాయని ఆమెకు తెలుసు. ఆ మనిషి పెళ్ళానికి కూడా ఇంత తెలిసి ఉండదు.

కోపంతో ఉన్నందుకో ఏమో, మొదటిసారి నోటి మీద నుంచి చూపు పైకి జరిపింది.

ఉత్తరం చదివే బొమ్మ అది. బజీల్ భుజం మీదుగా ఇంకో దొంగ తొంగిచూస్తూ తనూ చదువుతున్నాడు. ఆ రెండో మనిషి కళ్ళు ఎడమ నుంచి కుడికి జరుగుతున్నాయి, గబుక్కున వెనక్కి వస్తున్నాయి, మళ్ళీ జరుగుతున్నాయి. బజీల్ కళ్ళు జరగడం లేదు. సోలాంజ్ వెనక్కి తిప్పింది. మళ్ళీ ముందుకు తిప్పింది. రెండు వందల పది బొమ్మలు లెక్కపెట్టింది. రెండు వందల పది బొమ్మల్లో బజీల్ కళ్ళు కాగితం మధ్యలో ఒకేచోట, గోడకి కొట్టిన మేకుల్లా నిలిచి ఉన్నాయి. వేలు మాత్రం వరసల కింద చక్కగా పాకుతోంది.

ఆమె సీను మొదటికి పోయింది. ఉత్తరం చేతికి వచ్చినప్పుడల్లా బజీల్ బొటనవేలు ముందు కాగితం మూలని తడుముతోంది. అక్కడ, పైవైపు ఏదో తెలిసేలా, చిన్న మడత ఉంది. మడత తగిలాక గానీ ఆయన కాగితాన్ని కళ్ళ ముందుకి ఎత్తడం లేదు.

సోలాంజ్ పిడి వదిలేసి, ఫిల్ము విప్పి డబ్బాలో పెట్టేసింది.

అయినా కోపం అంత తేలిగ్గా పోలేదు. గురువారం ఆ గదిలో వేరే కంపెనీవాళ్ళ పని ఉంది. ఆమె పట్టీ చుట్ట సంచిలో వేసుకుని, సైకిలెక్కి, వంతెన దాటి బజీల్ ఇంటికి పోయింది. సైకిళ్ళ దుకాణం పైన గది. ఆయన కిటికీ దగ్గర కూర్చుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని బంగాళాదుంపల చెక్కు తీస్తున్నాడు. చెక్కు తెగకుండా, పొడుగ్గా, నేల దాకా వేలాడుతోంది.

"నువ్వా అమ్మాయ్! తిట్టడానికి వచ్చావా? కూర్చుని తిట్టు, నిలబడి తిడితే అలిసిపోతావు."

"రాత చూపించడానికి వచ్చాను," అంది సోలాంజ్. దారిలో ఒక కాగితం మీద రాసి పెట్టుకుంది. అది తీసి ఇచ్చింది. "ఈ సైజు మీకు సరిపోతుందేమో చెప్పండి."

బజీల్ కత్తి పక్కన పెట్టి, చేతులు పంట్లానికి తుడుచుకుని, కాగితం అందుకున్నాడు. బొటనవేలు మూలని వెతికింది. మడత లేదు. కాగితాన్ని కాస్త దూరం పెట్టి, దగ్గర పెట్టి, తల ఊపాడు.

"బాగుంది. ఇదిగో, ఇలా రాయాలి. ముత్యాల్లా ఉన్నాయి."

కాగితం మీద, 'నీ అబద్ధం వల్ల నా ఉద్యోగం పోతోంది ముసలోడా' అని ఉంది.

సోలాంజ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన మీద జాలితో కాదు, తన మీద అసహ్యంతో. గెలవడానికి వచ్చింది, గెలిచింది, ఇప్పుడు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఆమె మొహం చూసి బజీల్‌కి అర్థమైంది. కాగితం మెల్లిగా ఒళ్ళో దించాడు.

"ఏం రాశావు ఇందులో?"

ఆమె చెప్పింది. ఒక్క మాట కూడా మార్చలేదు.

ఆయన కాసేపు కిటికీలోంచి చూశాడు. కింద ఎవరో టైరులో గాలి కొడుతున్నారు. "సరిగ్గానే రాశావు," అన్నాడు. "ముసలోడా అన్నది కూడా సరిగ్గానే ఉంది. ఆ ఈగ మాట అని ఉండకూడదు నేను. నోటికొచ్చింది అనేశాను. అందరూ నన్నే చూస్తున్నారు, ఏదో ఒకటి అనాలిగా."

"ఇన్నేళ్ళు ఎలా నెట్టుకొచ్చారు మొస్యు బజీల్?"

"నేనెక్కడ నెట్టాను? క్లొతీల్ నెట్టింది." పళ్ళెంలోని దుంప ఒకటి తీసి, దానితో గోడ మీది భార్య ఫొటో వైపు చూపించాడు. "బఠాణీలు వలుస్తూ చదివేది. ఒక వాక్యం చదివి ఒక కాయ వలిచేది. గిన్నెలో గింజలు పడేవి కదా, టపటపమని, ఆ చప్పుడుతో సహా నాకు వచ్చేసేది. నువ్వు నవ్వకు, ఇప్పటికీ పాత వేషాలు తలుచుకుంటే బఠాణీల చప్పుడు వినపడుతుంది. నవంబరులో ఈ వేషం కూడా తనే చెప్పింది. బఠాణీలు దొరక్క చిక్కుళ్ళు వలిచింది. జనవరిలో పోయింది."

సోలాంజ్ లేచి, ఆయన పక్కనున్న కత్తి తీసుకుని, మిగిలిన దుంపల చెక్కు తీయడం మొదలుపెట్టింది. ఆమె తీస్తే చెక్కు తెగింది.

"మాటలు గుర్తున్నాయా?" అంది.

"ప్రతి మాటా గుర్తుంది. ఎప్పుడు పలకాలో అది తెలియడం లేదు. నోరు చూసి పలుకుదామంటే, చూసేలోగా అయిపోతోంది. వేలెడేసి పురుగులు కింద పాకుతున్నాయి. అవి ఎటుపోతున్నాయో చూడనా, నా మొహం చూడనా?"

సోలాంజ్ కత్తి ఆపింది. "గీతలు చదవగలరా? అక్షరాలు కాదు, గీతలు."

సంచిలోంచి పెన్సిలు తీసి, బంగాళాదుంపలు తెచ్చిన ముతక కాగితం బల్ల మీద పరిచింది. ఇవి ఆమె సొంత గుర్తులు. ఈ వృత్తిలో వీటిని నటులకి ఎవరూ చూపించరు. ఇల్లు కట్టేవాడు పునాదికి ముందు నేల మీద గీసే ముగ్గులాంటివి. "ఇది నిలువు గీత. అంటే పెదాలు రెండూ మూసుకున్నాయి. ఇది సున్న. నోరు బాగా తెరుచుకుంది. ఇది సగం సున్న, సగం తెరుచుకుంది. ఇదిగో ఈ అల, ఊపిరి. అల పెద్దదయితే పెద్ద ఊపిరి."

బజీల్ కాగితం మీదకి వంగాడు. పెదాలు వాటంతట అవే కదిలాయి. మూత, తెరుపు, మూత, సగం, ఊపిరి.

"ఇది నా నోరు!" అన్నాడు. "ఏమ్మా, ఇది నా నోరే కదా? ఇదిగో, ఇక్కడ నేను 'నా ప్రియమైన' అంటాను. ఇక్కడ తెగుతుంది. ఎవరు చెప్పారు నీకు, ఇక్కడ తెగుతుందని?"

"మీరే చెప్పారు. నాలుగు నెలలుగా చూస్తున్నాను."

ఆ రోజంతా వాళ్ళు సాధన చేశారు. సోలాంజ్ గుర్తులు గీసిన ఆ కాగితాన్ని బల్ల మీద కుడి నుంచి ఎడమకి లాగుతుంది, బల్ల అంచున గీసిన గీతని గుర్తు తాకగానే బజీల్ పలుకుతాడు. తప్పితే బల్ల మీద గుప్పిటతో గుద్ది, "గాడిద!" అని తనని తాను తిట్టుకుంటాడు. మధ్యాహ్నం దుంపలు వెన్నలో వేయించి పెట్టాడు. నాలుగింటికి ఆయన, ఆ సీనులోని ఆరు ముక్కల్లో నాలుగు తడబడకుండా చెప్పాడు.

ఆమె వెళ్తుంటే మెట్ల దాకా వచ్చాడు.

"ఒక్కటి మాటివ్వు అమ్మాయ్. ఎవరికీ చెప్పకు. చెవుడొచ్చిందను, తాగొచ్చాడను, మతి పోయిందను, పడతాను. ఈ ఒక్కటీ వద్దు. జనం నన్ను చూసి నవ్వడం నా వృత్తి. దీనికి నవ్వితే అది వేరే నవ్వు."

"చెప్పను," అంది సోలాంజ్.

సాయంత్రం ఆమె తొట్టి నింపి, పెద్ద అక్షరాలను కడిగేసింది. ఆ సీనుకి ఉన్నది ఒకటే పట్టీ. దాని మీద సిరాతో నిలువు గీతలు, సున్నలు, అలలు గీసింది. ఒక్క అక్షరం కూడా రాయలేదు. ఇది తేలకపోతే తన పని ఖాళీ అని ఆమెకి తెలుసు. చేతులు వణికితే గీత వంకరపోతుందని, ఊపిరి బిగబట్టి గీసింది.

శుక్రవారం పొద్దున్న మార్సియల్ ముందే వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళవాడు, మెడకి రెండు మఫ్లర్లు, చేతిలో వేడి పాల గ్లాసు. బజీల్ లోపలికి రాగానే లేచి నుంచుని, "గురువుగారూ," అన్నాడు. సిగ్గుపడుతున్నాడు. దొంగతనానికి వచ్చిన ఇంట్లో యజమాని ఎదురైనట్టుంది అతని అవస్థ.

"మదాం, మార్సియల్ గొంతు వేడి చేసుకునేలోగా మొస్యు బజీల్‌కి ఒక్క అవకాశం ఇవ్వండి," అంది సోలాంజ్.

"దేనికి?" అంది వెర్దియే. మొరెల్ గడియారం చూసుకుని, చెయ్యి ఊపాడు. "రెండుసార్లు. మూడోది లేదు."

దీపాలు ఆరాయి. తెర మీద వంటిల్లు, ముసలి దొంగలు. కింద పట్టీ నడిచింది. గీత, సున్న, గీత, అల.

"ఆపండి! ఏమిటిది?" మొరెల్ లేచాడు. "మాటలేవి? ఈ కోడిగీతలేమిటి?"

దీపాలు వెలిగాయి. అందరూ సోలాంజ్ వైపు తిరిగారు. ఆమె చేతులు వెనక్కి కట్టుకుంది.

"అక్షరాలు రాయలేదు. టైము సరిపోలేదు. నా తప్పే."

"పాత పట్టీ ఏది?"

"కడిగేశాను."

"ఇప్పుడు మార్సియల్ ఏం చదవాలి?" వెర్దియే గొంతు బాగా తగ్గిపోయింది. "కోటు తెచ్చుకో సోలాంజ్. ప్రయోగశాలకి కూడా అక్కర్లేదు. ఇంటికి వెళ్ళు."

సోలాంజ్ గోడ దగ్గరకి నడిచి, కొక్కెం మీంచి కోటు తీసింది. ఒక చెయ్యి తొడిగింది. బజీల్ వైపు చూడలేదు. చూస్తే ఆయన మీద భారం పెట్టినట్టవుతుందని భయం.

"ఆ కోటు విప్పు," అన్నాడు బజీల్.

ఆయన మైకు ముందే నుంచున్నాడు. మైకు తెరిచే ఉంది. చిన్నగా అన్న మాట గదంతా మోగింది. ఆయన టోపీ తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"తప్పు ఆ పిల్లది కాదు. మంగళవారం రాత ముత్యాల్లా ఉండే ఉంటుంది. నాకు తెలియదు. నాకు చదవడం రాదు. చిన్నవీ రావు, పెద్దవీ రావు, ఏవీ రావు. ఎప్పుడూ రాలేదు. ఈ పిల్ల నా కోసం నా నోటి బొమ్మ గీసింది. అంతే జరిగింది."

బజీల్ చెంపలు ఎర్రగా కందిపోయాయి. ఎక్కడినుంచి నవ్వు వస్తుందోనని తల కొద్దిగా వంచి ఎదురుచూస్తున్నాడు.

మొరెల్ నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. "మరి ఆ ఉత్తరం? వంటింట్లో? మీరు చదివారు. నేను పక్కనే ఉన్నాను. వేలు పెట్టి చదివారు!"

"నటించానండీ," అన్నాడు బజీల్ వినయంగా. "అందుకే కదా మీరు నన్ను పెట్టుకున్నారు."

అద్దం వెనక ఎతియెన్ నవ్వాడు. మార్సియల్ పాలు గొంతుకి అడ్డంపడి దగ్గుతూ నవ్వాడు. మొరెల్ కళ్ళజోడు తీసి, తుడవడం మర్చిపోయి, అతనూ నవ్వాడు. బజీల్ ఒక్కొక్కరి మొహమే వెతికి చూశాడు. ఆయన భయపడ్డ నవ్వు కాదది. నలభై ఏళ్ళుగా హాలు చీకట్లోంచి వస్తూ, ఆయనకి అన్నం పెట్టిన నవ్వే.

మార్సియల్ లేచి మైకు దగ్గరకి వచ్చాడు. తెర మీద ఆగిపోయిన గుర్తుల వైపు చూపిస్తూ, "ఆ అలలా ఉన్నదేమిటి గురువుగారూ?" అన్నాడు.

"ఊపిరి."

"నాకు అది ఎప్పుడూ రాసిపెట్టలేదు ఎవరూ." మఫ్లర్లు రెండూ సర్దుకుని, ఒక అడుగు వెనక్కి వేశాడు. "పెంట!" అన్నాడు.

మా వృత్తిలో మంచి జరగాలని కోరుకునేది ఆ మాటతోనే. దానికి ఎవరూ కృతజ్ఞత చెప్పకూడదు, చెబితే పని చెడుతుంది. బజీల్ చెప్పలేదు. తల మాత్రం ఊపాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

మొదటిసారి చెడింది. తొందర. రెండోసారి ఎర్ర దీపం వెలిగినప్పుడు సోలాంజ్ ఒక చేతికి కోటుతో అలాగే గోడకి ఆనుకుని నిలబడి ఉంది. పట్టీ నడిచింది. నిలువు గుర్తు తెర మీది గీతను తాకింది, బజీల్ పెదాలు మూసుకున్నాయి. సున్న తాకింది, తెరుచుకున్నాయి. చీకట్లో ఆ చిల్లుడోలు గొంతు మేనత్త మాటలు పలుకుతోంది. 'నా ప్రియమైన పిల్లల్లారా, ఈ ఉత్తరం మీకు అందేసరికి...' తెర మీది ముసలాడు తన అబద్ధానికి తాను కరిగిపోతున్నాడు. మాట తెగవలసిన చోట తెగింది. పెద్ద అల వచ్చింది, గదిలో పెద్ద ఊపిరి వినపడింది. ఆ ఊపిరి మేనత్తది కాదు, దొంగది కాదు. ఆ ఊపిరి ఎవరికోసమో సోలాంజ్‌కి తెలుసు. ఇద్దరు బజీళ్ళ నోళ్ళూ కలిసే తెరుచుకుని, కలిసే మూసుకున్నాయి.

ఆరు ముక్కలూ అయ్యాక దీపాలు వెలిగాయి. అద్దం వెనకనుంచి ఎతియెన్, "నా వైపు బాగానే ఉంది," అన్నాడు. ఎతియెన్ అంతకన్నా ఎక్కువ ఎవరినీ మెచ్చుకున్నట్టు మేమెవరం వినలేదు.

వెర్దియే కాగితాలు సర్దుకుంటూ, "సోలాంజ్, ఆ కోటు వేసుకుంటావా, విప్పుతావా? నిలబడి దుమ్ము దులపకు," అంది. గొంతు మామూలుగానే ఉంది.

మధ్యాహ్నం కాంటీనులో సోలాంజ్, బజీల్ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నారు. వడ్డించే ఆవిడ వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "మొస్యు బజీల్, మీకు మామూలేనా? పక్కాయన తినేదే?" అంది.

బజీల్ ఠక్కున తల తిప్పి పక్క బల్ల చూశాడు. వేలు లేచింది. సగంలో ఆగింది.

"ఆగమ్మా," అన్నాడు. గోడ మీది నల్లపలక వైపు చూపించాడు. దాని మీద సుద్దముక్కతో రాసిన వరసలు. కాంటీను మొత్తం వినపడేలా గొంతెత్తాడు. "సోలాంజ్, అది నాకు చదివి పెట్టు. నాకు చదువు రాదు."

రెండు మూడు తలలు తిరిగాయి, మళ్ళీ పళ్ళాలలోకి వంగాయి. సోలాంజ్ లేచి, పలక దగ్గరకి పోయి చదివింది. శుక్రవారం క్రైస్తవులు మాంసం ముట్టరు కాబట్టి అన్నీ చేపలూ గుడ్లే. తెల్లద్రాక్ష సారాలో వండిన కానాగంతలు. దుంపలతో మెదిపిన ఉప్పుచేప. మీగడ పోసి కాల్చిన గుడ్లు. నల్లగా మరగబెట్టిన వెన్నలో టేకుచేప.

"ఇన్ని ఉంటాయా?" అన్నాడు బజీల్. "రోజూ ఇన్ని ఉంటాయా?"

"రోజూ ఉంటాయి."

"ఇంకోసారి చదువమ్మా, మెల్లిగా."

ఆమె మళ్ళీ చదివింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. మధ్యలో పెదాలు కదిలాయి. వడ్డించే ఆవిడకి వంద పనులున్నాయి, అయినా కదల్లేదు.

"టేకుచేప," అన్నాడు చివరికి. "నల్లవెన్నలో టేకుచేప. నలభై ఏళ్ళుగా నా పక్కన ఎవడూ అది తినలేదు."

పళ్ళెం వచ్చింది. బజీల్ రుమాలు మెడలో దోపుకుని, ఒక ముక్క నోట్లో పెట్టుకుని, జాగ్రత్తగా నమిలాడు. సోలాంజ్ అలవాటు కొద్దీ ఆ నోటినే చూస్తోంది.

"ఎలా ఉంది?"

"అస్సలు బాగోలేదు," అన్నాడు బజీల్. మొహం వెలిగిపోతోంది. "ఇది నాకు నచ్చదు సోలాంజ్! టేకుచేప నాకు నచ్చదు." ఆ మాట ఇంకోసారి చెప్పి, రొట్టె తుంపి, పళ్ళెంలో వెన్న అంతా తుడుచుకుని తిన్నాడు.